మరమ్మత్: హర్ఫులు చెదిరిన జమానాలో కర్నూలు, కడప

మన ఇళ్లల్లో మరమ్మత్ అంటే గోడకు సున్నం, కుట్టు మిషన్‌కు బెల్టు, బోరుకు మోటారు. హర్ఫులకు కూడా మరమ్మత్ ఉంటుందని మా తరానికి తెలిసింది కంప్యూటర్ వచ్చాకే. సాయంత్రం దాకా చక్కగా తెలుగులో కనిపించిన ఫైలు, మెషీన్‌లో కొత్త విండోస్ వేయించిన మర్నాడు ఇంగ్లీషు అక్షరాల కిచిడీ అయ్యేది. ఉర్దూ ఫైలైతే అసలు తెరుచుకునేదే కాదు. లోపల ఒక్క హర్ఫు కూడా పోయి ఉండదు, చదివే దారి మాత్రం మూసుకుపోయి ఉంటుంది. కర్నూలు, కడపల్లో డీటీపీ దుకాణాలు నడిపిన మనవాళ్లు ఇరవై ఏళ్ల పాటు ఆ దారిని మళ్లీ మళ్లీ తెరిచారు. ఆ తారీఖ్ నేనెక్కడా చదవలేదు. పేపరు పనిలో ఉండి, ఆ దుకాణాల్లో స్టూళ్ల మీద గంటలు గంటలు కూర్చున్నవాణ్ని కాబట్టి నాకు తెలిసినంత ఇక్కడ పెడుతున్నా.

కాతిబ్ కలం నుంచి కీబోర్డు దాకా

నేను బడి చదువు ఉర్దూ మీడియంలో చదివాను. మా ఉస్తాద్ బోర్డు మీద నస్తాలీఖ్ రాస్తుంటే ఒక్కో మాట కుడి నుంచి ఎడమకు మెట్లు దిగుతున్నట్టు ఉండేది. ఆ ఖత్ హుస్న్ అక్కడే ఉంది, ముసీబత్ కూడా అక్కడే ఉంది. పక్కన ఎవరున్నారో చూసి హర్ఫు తన సూరత్ మార్చుకుంటుంది. బే మాట మొదట్లో ఒక రకం, నడుమ ఇంకో రకం, చివర మరో రకం. సీసపు అచ్చు దీన్ని మోయలేకపోయింది. అందుకే తెలుగు పత్రికలు అచ్చుల మీద నడుస్తున్న కాలంలో కూడా ఉర్దూ అఖ్బార్లు కాతిబ్ చేతి మీదే నడిచాయి. మనకు దగ్గరి చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' దినపత్రిక ఇరవై ఒకటో శతాబ్దంలోకి కూడా చేతిరాతతోనే నడిచి వచ్చింది.

1981లో పాకిస్తాన్ ఖత్తాత్ మీర్జా అహ్మద్ జమీల్, మోనోటైప్ కంపెనీ కలిసి నూరీ నస్తాలీఖ్ తయారు చేశారు. విడి హర్ఫులు కలిపే గొడవ వద్దని, హర్ఫుల జోడీలనే వేల సంఖ్యలో గీసి కంప్యూటర్‌లో పెట్టారు. 1994లో ఢిల్లీలోని కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ నూరీ నస్తాలీఖ్‌తో ఇన్‌పేజ్ తెచ్చింది. అప్పటిదాకా లక్షలు పెట్టగల అఖ్బార్లకే అందిన నస్తాలీఖ్ చిన్న ఊరి దుకాణంలోకి దిగింది.

తెలుగు వైపు కథ వేరు. 1985లో ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్ తెచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. హైదరాబాద్ అను ఫాంట్లు ఆ పేజ్‌మేకర్‌కు తోడయ్యాయి. ఇన్‌పేజ్, పేజ్‌మేకర్, అను. ఈ మూడూ ఒక్క మెషీన్‌లో ఉంటే శాదీ రుఖా దుకాణం తయారైనట్టే.

రుఖా సంగతి మీకు చెప్పాలా? ఒక పక్క ఉర్దూ, ఒక పక్క తెలుగు. దుల్హన్ తరఫు బంధువులు ఉర్దూ చదువుతారు, దూల్హా దోస్తులు తెలుగు చదువుతారు, ఊరి సర్పంచ్‌కు ఇచ్చేది తెలుగు పక్క తిప్పి ఇస్తాం. కంప్యూటర్‌కు ముందు దానికి ఇద్దరు కావాలి: కాతిబ్ ఒక చోట, కంపోజిటర్ ఇంకో చోట. ఇప్పుడు ఒకే కుర్చీలో ఒకే మనిషి. ఆ మనిషి ఎక్కువగా మన పిల్లవాడే. ఉర్దూ బడిలో చదివి, బయట తెలుగు మాట్లాడి, రెండు కీబోర్డులూ వేళ్లకు ఎక్కించుకున్నవాడు. మన సమాజానికి రెండు జుబాన్లు రావడం ఎప్పుడూ ఒక బరువుగానే చూశారు. అది రోజీ అయిన చోటు డీటీపీ దుకాణం.

256 గదులు

మరి ఆ హర్ఫులు ఎందుకు చెదిరాయి? కాస్త ఓపిగ్గా చదవండి, ఇందులో రాకెట్ సైన్సు లేదు.

అప్పటి ఫాంటులో 256 గదులు. ఒక బైటులో పట్టేది అంతే. అందులో కొన్ని కంప్యూటర్ సొంత పనికి పోతాయి. మిగతా చోట్ల, ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గదుల్లో తెలుగు ముక్కలు పెట్టారు. ఒక గదిలో గుడి, ఒక గదిలో కొమ్ము, ఒక గదిలో తవత్తు. కంప్యూటర్ లెక్కలో అది ఇంగ్లీషే. పైన ఫాంటు తొడిగిన షేర్వానీ తెలుగు. ఫాంటు ఫైలు పోయిందా, షేర్వానీ ఊడినట్టే. పైగా ఒక్కో కంపెనీ ఆ గదులను ఒక్కో రకంగా సర్దింది. ఒకరి ఫాంటులో గుడి ఉన్న గదిలో ఇంకొకరిది సున్నా ఉంటుంది. కడపలో కొట్టిన మేటరు ప్రొద్దుటూరులో తెరిస్తే మాట మారిపోయేది.

ఇక కీబోర్డు. మనం 'క' నొక్కితే సరైన గదిలోంచి సరైన ముక్క తేవడానికి నడుమ ఒక చిన్న ప్రోగ్రాం కూర్చుంటుంది. విండోస్‌కూ పేజ్‌మేకర్‌కూ మధ్య దలాల్ అనుకోండి. కొన్ని సాఫ్ట్‌వేర్లకు తాళం కూడా ఉండేది. ప్రింటరు పోర్టుకు తగిలించే చిన్న డబ్బా అది. డబ్బా లేకుంటే సాఫ్ట్‌వేర్ లేవదు.

అంటే ఒక్క రుఖా కొట్టాలంటే ఫాంటు, దలాల్, తాళం, పేజ్‌మేకర్, ప్రింటరు డ్రైవరు అన్నీ ఒకదాని భుజం మీద ఒకటి నిలబడాలి. కింద ఉన్నది విండోస్. కిందివాడు కదిలితే పైవాళ్ల గతేమిటో చెప్పక్కర్లేదు.

సైలాబ్, ఆ వెంటనే విండోస్ 7

2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీదికి వచ్చిన రోజు. కరువు వార్తలు రాయడానికి అలవాటు పడ్డ మా సీమ విలేకరులు ఆ వారం పాత బస్తీ మేడల మీద చిక్కుకున్న జనం గురించి రాశారు. నీళ్లు తీశాక మోకాలి లోతు బురద. ఇళ్లల్లో ఖురాన్ షరీఫ్‌లు, రేషన్ కార్డులు, పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ముద్దలయ్యాయి. కింది అంతస్తుల దుకాణాల్లో కంప్యూటర్లు బురద తాగాయి. సీడీలను కడిగి తీగ మీద ఆరబెట్టిన దుకాణాలు నేను చూశాను.

సరిగ్గా ఇరవై రోజులకు, అక్టోబర్ 22న, మైక్రోసాఫ్ట్ విండోస్ 7 విడుదల చేసింది. సైలాబ్‌లో పోయిన మెషీన్ల స్థానంలో ఆ తర్వాతి నెలల్లో కొత్తవి కొన్నవాళ్లకు, వద్దన్నా కావాలన్నా, కొత్త విండోసే వచ్చింది. పెద్ద ఊళ్లలో జనం ముచ్చట పడి అప్‌గ్రేడ్ అయ్యారు. కర్నూలు పాత బస్తీని ఏరు అప్‌గ్రేడ్ చేసింది.

పాత లోకం అక్కడ కూలింది. కొత్త మెషీన్లలో చాలావాటికి ప్రింటరు పోర్టే లేదు, తాళం ఎక్కడ తగిలించాలి? 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను నడపదు. పాత ఇన్‌స్టాలర్లు కొన్ని అక్కడే ఆగిపోయాయి. 2007లో విస్టాతో మొదలైన పద్ధతి ప్రకారం, ప్రతి ప్రోగ్రాం సిస్టం లోపల చెయ్యి పెట్టాలంటే ఇజాజత్ అడగాలి. అడగడం తెలియని పాత దలాళ్లు గుమ్మం బయటే నిలబడ్డారు. పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7వ వెర్షనే ఆఖరిది. అడోబీ అప్పటికే ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. అంటే ఫిర్యాదు చేద్దామన్నా వినే దర్బారు లేదు.

ఆ రోజుల్లో ఒక మసీదు కమిటీ సద్ర్ సాబ్ నన్ను వెంటబెట్టుకుని దుకాణాలు తిరిగారు. వాళ్ల ఖబ్రస్తాన్ రిజిస్టర్ 2002లో తెలుగులో కొట్టించారు. ఎవరి ఖబర్ ఏ వరసలో, ఏ ఏడు, ఎవరి కొడుకు, ఎవరి భార్య. కాగితం ప్రతి బురదలో పోయింది. పైఅంతస్తులో ఒకరి ఇంట్లో ఉన్న సీడీ మాత్రం బతికింది. కొత్త మెషీన్‌లో పెడితే పేర్లన్నీ కిచిడీ. నీళ్లు ఖబ్రస్తాన్ ఆనవాళ్లను కూడా తుడిచేసిన తర్వాత, ఫలానా చోట మా అబ్బా ఉన్నారని చెప్పడానికి ఆ కుటుంబాలకు మిగిలింది ఆ సీడీ ఒక్కటే. "మియా, అందరూ ఇందులోనే ఉన్నారు, కనిపించడం లేదంతే" అన్నారు సద్ర్ సాబ్. ఫాంటు గొడవ అంటే ఏమిటో అంత సాఫ్‌గా నాకు ఏ ఇంజనీరూ చెప్పలేదు.

ఉస్తాద్‌లు చేసిన మరమ్మత్

ఆ రిజిస్టర్ కడప దుకాణంలో తెరుచుకుంది. పని ఎట్లా జరిగిందో క్రమంగా చెబుతాను, ఎందుకంటే ఇదే తరీఖా ఆ రోజుల్లో అన్ని దుకాణాల్లోనూ సాగింది.

మొదటి పని, ఫైలును ముట్టుకోకుండా నకలు తీసి పెట్టుకోవడం. తెరుచుకోని ఫైలును తెరిచే ఆత్రంలో సేవ్ నొక్కినవాళ్లు ఉన్నదీ పోగొట్టుకున్నారు. రెండోది, ఏ ఫాంటులో కొట్టారో పట్టుకోవడం. అనుభవం ఉన్న ఆపరేటర్ ఆ ఇంగ్లీషు కిచిడీని చూసి, ఏ చిహ్నం ఎక్కువసార్లు వస్తోందో లెక్కపెట్టి, ఇది ఫలానా కంపెనీ ఫాంటు అని చెప్పేవాడు. హకీం నబ్జ్ పట్టినట్టే. మూడోది, ఆ ఫాంటు వెర్షన్‌ను ఏదో ఒక పాత మెషీన్‌లోంచి తేవడం. నాలుగోది, కంపాటిబిలిటీ మోడ్. అంటే పాత ప్రోగ్రాంకు నువ్వింకా ఎక్స్‌పీలోనే ఉన్నావని నమ్మించడం, దాన్ని అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడపడం. అదీ కుదరకపోతే విండోస్ 7 ప్రొఫెషనల్‌లో ఎక్స్‌పీ మోడ్ ఉండేది. కొత్త ఇంట్లో పాత ఇల్లు కట్టుకున్నట్టు, కిటికీ లోపల ఇంకో విండోస్ నడిచేది.

ఇవేవీ కాని చోట అందరికీ తెలిసిన ఉపాయం: మూలన ఒక పాత ఎక్స్‌పీ డబ్బా. ఇంటర్నెట్ తీగ పీకేసి, దుమ్ము గుడ్డ కప్పి, అవసరమైనప్పుడే లేపేవాళ్లు. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి సెలవు చెప్పింది. మా దుకాణాల్లో ఆ డబ్బాలు ఆ తర్వాత కూడా ఏళ్ల పాటు కొలువు చేశాయి.

ఆఖరి పని అసలైనది: పాత ఫాంటు మేటరును యూనికోడ్‌కు మార్చడం. కన్వర్టర్లు వచ్చాయి కానీ, అవి గదులు మార్చే లెక్కతో పూర్తిగా తేలవు. 'స్త్రీ' అనే మాట చూడండి. కంటికి ముందు గుడి దీర్ఘంతో ఉన్న 'సీ' కనిపిస్తుంది, తర్వాత తవత్తు, రవత్తు. నోరు మాత్రం స, త, ర పలికి చివర ఈ అంటుంది. పాత ఫాంటు కంటి క్రమంలో ముక్కలు పేరుస్తుంది, యూనికోడ్ నోటి క్రమంలో దాస్తుంది. కన్వర్టర్ ఆ ముక్కలను మళ్లీ వరస పెట్టాలి. ఎక్కడో ఒక వత్తు జారుతుంది. ఖబ్రస్తాన్ రిజిస్టర్‌లో జారిందంటే మనిషి పేరే మారిపోతుంది. కాబట్టి సద్ర్ సాబ్ పక్కన కూర్చుని ఒక్కో పేరు చదివించుకున్నారు. రెండు జుమ్మాల మధ్య ఆ పని పూర్తయింది.

రెండు జుబాన్లకు ఒకే టిక్కు

దవా అప్పటికే ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకూ, ఉర్దూ రాసుకునే అరబీ లిపికీ చోటిచ్చారు. ప్రతి హర్ఫుకూ దాని సొంత నంబరు. ఇంగ్లీషు గదిలో కిరాయికి ఉండక్కర్లేదు. 2001 విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. డాక్టర్ తిరుమల కృష్ణ దేశికాచారి పోతన2000, వేమన2000 ఫాంట్లు తయారు చేసి జనానికి ఉచితంగా ఇచ్చారు. నాగార్జున వెన్న రాసిన 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు, సొంత ఫాంట్లలో ఉన్న తెలుగు పత్రికల సైట్లను యూనికోడ్‌లో చూపించేది.

ఎక్స్‌పీలో ఒక వింత నాకు ఇప్పటికీ నచ్చుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల పేజీకి వెళితే ఒక చిన్న డబ్బా ఉండేది. సంక్లిష్ట లిపులు, కుడి నుంచి ఎడమకు రాసే భాషలు, రెండింటికీ కలిపి ఒకే టిక్కు. పెడితే విండోస్ సీడీ అడిగేది. ఆ ఒక్క టిక్కుతో తెలుగు వత్తులూ, ఉర్దూ జోడీలూ ఒకేసారి లేచి నిలబడేవి. మన వీధుల్లో ఈ రెండు జుబాన్లనూ విడదీసి చూసే చూపు ఎంతుందో మీకు తెలుసు. కంప్యూటర్ మాత్రం రెండింటినీ ఒకే ఖాందాన్‌గా లెక్కేసింది.

ఉర్దూ వైపు ప్రయాణం ఇంకా నెమ్మదిగా సాగింది. ఇన్‌పేజ్ 3వ వెర్షన్ దాకా ఫైళ్లు దాని సొంత కోడులోనే ఉండేవి. మార్చాక కూడా ఒక దగా మిగిలేది. అరబీ కాఫ్, ఉర్దూ కాఫ్ కంటికి దాదాపు ఒకటే. యూనికోడ్‌లో నంబర్లు వేరు. యే కూడా అంతే. ఒక ఫైలులో అరబీ కాఫ్‌తో పేరు కొట్టి, ఉర్దూ కాఫ్‌తో వెతికితే దొరకదు. పేరు కళ్లెదుటే ఉంటుంది, కంప్యూటర్ లేదంటుంది. పాత ఉర్దూ ఫైళ్లు మార్చేవాళ్లు ముందు ఈ రెండు హర్ఫులనూ సరిచేసుకోవాలి.

ఈ పని కడపకు కొత్త కాదు

1820లో కడపకు కొలువు మీద వచ్చిన సి.పి. బ్రౌన్ సంగతి మనందరం బడిలో చదివినదే. ఆయన కడపలో బంగళా కొని, పండితులను జీతాలకు పెట్టి, చెదలు తింటున్న తాటాకు గ్రంథాలకు నకళ్లు రాయించాడు. ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, లేఖకుల తప్పులు దిద్దించాడు. తాటాకు నుంచి కాగితానికి, కాగితం నుంచి అచ్చుకు. అదీ కన్వర్షనే. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరున భాషా పరిశోధన కేంద్రం ఉంది.

మనం గుర్తుపెట్టుకోవాల్సిన ఆయన పుస్తకం ఇంకొకటి ఉంది. 1854లో తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు విడిగా ఒక నిఘంటువు వేశాడు. కచేరి, దస్తావేజు, జవాబు, తారీఖు లాంటి మన మాటలు తెలుగు నోళ్లలో ఎంత పాతవో దాన్ని తిరగేస్తే తెలుస్తుంది. ఈ వ్యాసం పేరు మరమ్మత్ కూడా ఆ తోవన వచ్చిందే. తెలుగువాళ్లు దానికి ఉకారం తగిలించి మరమ్మతు అని సొంతం చేసుకున్నారు.

దేగ్ పోయినా నుస్ఖా ఉంటే

మా భాంజా బెంగళూరులో ప్రోగ్రామర్. కిందటేడు వాడి లినక్స్ మెషీన్ అప్‌గ్రేడ్ అయిన మర్నాడు పైథాన్ పని మొత్తం ఆగిపోయింది. ఏమైందిరా అంటే వాడు చెప్పింది విని నాకు నవ్వొచ్చింది, అచ్చం మా ఫాంటు కథే. వాడి ప్రాజెక్టు ఒక ప్రత్యేకమైన గదిలో ఉంటుంది, దాన్ని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఆ గది పాత పైథాన్ చిరునామాను పట్టుకుని ఉంటుంది. అప్‌గ్రేడ్ పాత పైథాన్‌ను తీసేసి కొత్తది పెట్టింది. చిరునామా అదే, ఇల్లు లేదు. వాడు ఆ గదిని బాగుచేస్తూ కూర్చోలేదు. ఏయే సామాన్లు, ఏయే వెర్షన్లు కావాలో రాసి పెట్టుకున్న జాబితా ఉంది. పాత గది చెరిపేసి, జాబితా చూసి పావుగంటలో కొత్తది కట్టుకున్నాడు.

"మామూ, దేగ్ దాచుకోకూడదు, నుస్ఖా దాచుకోవాలి" అన్నాడు. బిర్యానీ రేపటికి పాడవుతుంది, నుస్ఖా ఉంటే ఎప్పుడైనా వండుకోవచ్చు. పేజ్‌మేకర్ ఫైలు దేగ్. యూనికోడ్‌లో ఉన్న సాదా మేటరు నుస్ఖా.

అట్లాగని యూనికోడ్ వచ్చాక అంతా ఖైర్ అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచమంతా ఐఫోన్లను పడేసింది. జ్ఞా అనే అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక విడదీసే గుర్తుతో మెసేజీలో వస్తే యాప్ కూలిపోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 పంపి బాగుచేసింది. మన లిపిని సరిగ్గా పరీక్షించకపోతే ఏమవుతుందో ఆ వారం పెద్ద కంపెనీలకు తెలిసింది.

అప్‌గ్రేడ్ ఎప్పుడూ తీసుకుపోయేదే కాదు, ఒక్కోసారి ఇస్తుంది కూడా. 2012 విండోస్ 8తో ఒక నస్తాలీఖ్ ఫాంటు మెషీన్‌తో పాటే వచ్చింది. 2017లో ఐఓఎస్ 11 ఉర్దూను నస్తాలీఖ్‌లో చూపించడం మొదలుపెట్టింది. 2021లో యూనికోడ్ 14వ వెర్షన్ తెలుగుకు ఒక నుక్తా ఇచ్చింది. అక్షరం కింద పెట్టే ఆ చుక్క మనకు ఎందుకు ముఖ్యమో ఒక్క పేరుతో చెబుతాను. జీమ్‌తో రాసే జలీల్ అంటే ఘనుడు. జాల్‌తో రాసే జలీల్ అంటే అవమానం పాలైనవాడు. తెలుగులో రెండూ ఒకే జలీల్. మన పిల్లల పేర్లు రేషన్ కార్డు నుంచి ఓటరు జాబితా దాకా ఈ తేడా లేకుండానే వెళ్తున్నాయి. ఇప్పుడు ఆ చుక్కకు నంబరు ఉంది. ఫాంట్లలోకి, కీబోర్డుల్లోకి అది రావాలంటే అడిగేవాళ్లు ఉండాలి, వాడేవాళ్లు ఉండాలి.

ఇక మీ ఇంటి సంగతి. బీరువాలో, ట్రంకు పెట్టెలో పాత సీడీ ఉంటే బయటికి తీయండి. అబ్బా రాసుకున్న వ్యాసాలు, నానా చెప్పి రాయించిన ఖాందాన్ షజ్రా, మసీదు లెక్కలు, మదర్సా పత్రిక, ఆపా శాదీ రుఖా, ఏదైనా సరే. ముందు నకలు తీయండి. పాత డీటీపీ ఆపరేటర్‌ను వెతికి యూనికోడ్‌లోకి మార్పించండి, పీడీఎఫ్ ఒకటి పెట్టుకోండి, ఒక ప్రతి మంచి కాగితం మీద అచ్చు తీయండి. పేర్లను ఇంటి పెద్దల ముందు పైకి చదివించండి. కూలి అడిగినంత ఇవ్వండి. కిచిడీని చూసి ఫాంటు పేరు చెప్పగల ఉస్తాద్‌లు కర్నూలులో, కడపలో ఇంకా ఉన్నారు. వాళ్లలో చాలామందికి అద్దాలు వచ్చాయి, కొందరు దుకాణం మూసి మొబైల్ రీఛార్జీలకు మారారు. వాళ్లున్నప్పుడే ఈ పని చేయించుకోండి.